దీపాల వేళ ఉప్పు బేరం

ఆ రోజుల్లో నాకు చలి అంటే భయం ఉండేది కాదు, బేరం ఓడిపోవడం అంటే ఉండేది. ఇప్పుడు అంతా తిరగబడింది. బ్రాక్‌నెల్‌లో మా ఇంటి కిటికీ అవతల నాలుగు మంచు తునకలు రాలితే చాలు, "ఇవాళ ఇంటినుంచే పని చేస్తాను" అని ఆఫీసుకు మెసేజి పెట్టి రగ్గు కప్పుకునే మనిషినైపోయాను. ఒకప్పుడు గ్లాస్గోలో నడుము లోతు మంచును గిన్నె మూతతో తవ్వానని చెబితే మా ఆవిడే నమ్మదు (చెత్తబుట్ట వీధిలో పెట్టమన్నప్పుడల్లా నేను చెప్పే సాకులు విన్నాక ఎవరు మాత్రం నమ్ముతారు). మీరైతే కాస్త జాలిగుండె కలవారిలా కనిపిస్తున్నారు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది కొట్ల కుటుంబం. నాన్నది కిరాణా, పెదనాన్నది బట్టలు, మేనమామది ఇనుప సామాను. మా ఇంట్లో పిల్లలకు నడక తర్వాత వచ్చేది బేరమే. నాన్న నాకు నేర్పిన విద్య ఒక్కటే: కావలసింది ముందు అడగకూడదు. అక్కరలేనివి నాలుగు అడిగి, ఎదుటివాడు కాదనీ కాదనీ అలిసిపోయాక, పోనీ ఇదైనా ఇవ్వండి అని దీనంగా అసలుది అడగాలి. ఈ ఆస్తితో మాస్టర్స్ చదవడానికి గ్లాస్గో చేరి, చేరీ చేరగానే తెలుగువాళ్ల కొట్టొకటి వెతుక్కుని పార్ట్‌టైం పనిలో దూరాను. కొండలా నిలువుగా ఎక్కే ఒక సందుకు మొదట్లో ఉండేది ఆ కొట్టు. నడిపే అంకుల్, ఆంటీ ఇద్దరూ కరీంనగర్ వైపు వాళ్లు. అంకుల్ నోరు తెరిచేది టీ తాగడానికే. ఆ లోటు ఆంటీ తీర్చేది. ఆవిడ పుట్టిల్లు కూడా కిరాణా కొట్టే. అంటే నా సరుకు ఆవిడ దగ్గర చెల్లదన్నమాట. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

గల్లాపెట్టె వెనక లక్ష్మీదేవి పటం, దాని ముందు చిన్న దీపం. ఆ దీపం వెలిగాక కొట్లోంచి ఉప్పు, సూదులు, పెరుగు బయటికి పోకూడదు. ఇది ఆంటీ శాసనం, మా నాన్న శాసనమూ ఇదే. అయితే మా జనగామలో దీపాల వేళంటే సాయంత్రం ఆరు. గ్లాస్గోలో డిసెంబరు నెలలో మధ్యాహ్నం అన్నం అరక్కముందే చీకటి పడుతుంది. పాపం, చిప్స్ మీద చల్లుకోవడానికి ఉప్పుకోసం వచ్చిన మనిషిని ఆంటీ "టుమారో, కమ్ టుమారో" అని పంపించేసేది. రాత్రి పది దాటితే కొట్లో మందు అమ్మనివ్వని దేశం కదా, ఉప్పుకూ అలాంటి రూలేదో కొత్తగా వచ్చిందనుకుని వాళ్లు బుద్ధిగా వెళ్లిపోయేవారు. పగలైనా సరే, ఉప్పు ప్యాకెట్టు చేతికివ్వకూడదు. కౌంటరు మీద పెట్టాలి, వాళ్లే తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ లొల్లి అవుతుందట.

ఇలాంటి కొట్టుకు నేను చేసిన సేవ ఏమిటంటే, హోల్‌సేల్ గోదాములో ఒక ఉప్పు బేరం గెలవడం. అమ్మేవాణ్ణి కిందికి లాగి, ఇంకా కిందికి లాగి, చివరికి వాడు విసిగిపోయి "ఆ ధరకు కావాలంటే గుట్ట మొత్తం ఎత్తుకుపో" అన్నాడు. ఎత్తుకొచ్చాను. కొట్టు వెనక గదిలో గోడ కనపడకుండా ఉప్పు మూటలు. ఆంటీ నడుము మీద చేతులు పెట్టుకుని ఆ గోడను కాసేపు చూసి, "ఇది అమ్ముడువొయ్యేసరికి నీకు మనవలు పుడ్తరు" అంది.

ఆ శీతాకాలమే ఆ మంచు పడింది. పడిందనడం చిన్నమాట. రెండు రోజులు ఆగకుండా కురిసి, ఆపైన గాలి లేచి, కొండ మీది మంచునంతా ఊడ్చి మా సందులో కుప్ప పోసింది. కార్లు లేవు, తెల్లటి ఎద్దులు పడుకున్నట్టు దిబ్బలున్నాయి. ఒకచోట సైకిలు హ్యాండిలు మాత్రం కొమ్ముల్లా పైకి కనిపించేది. కొట్టు షట్టరు పైకెత్తితే, షట్టరు ఆకారంలోనే మంచు గోడ నిలబడి ఉంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే కౌన్సిల్ వాళ్ల బండి పెద్ద రోడ్డు మీదే తిరిగేది, మా సందు దాని దారిలో లేదు. అలా చల్లుకోవడానికే సందు మూలన పెట్టిన పసుప్పచ్చ ఉప్పుపెట్టెను ఎవరో ముందే ఖాళీ చేశారు.

ఆ ఉదయం కొట్లో ఫోను మోగింది. సందు పైకొసన ఉండే పేపరు బామ్మ. రోజూ పొద్దున్నే నీలం టోపీ పెట్టుకుని పేపరుకు వచ్చే స్కాటిష్ పెద్దావిడ కాబట్టి నేను పెట్టుకున్న పేరది. ఏ బస్సు ఎక్కాలో, ఏ కోటు కొనాలో నాకు ఆ ఊళ్లో మొదట చెప్పింది ఆవిడే. వారానికి మూడుసార్లు ఆసుపత్రి వ్యాను వచ్చి ఆవిణ్ణి డయాలిసిస్‌కు తీసుకెళ్లేది. ముందురోజు వ్యాను రాలేకపోయింది. రేపు పొద్దున వస్తానన్నాడట డ్రైవరు, కానీ సందు ఎక్కగలిగితేనే. ఇంకోసారి తప్పిపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇదంతా ఆవిడ పేపరు ఆలస్యమైనందుకు ఫిర్యాదు చేసినంత మామూలుగా చెప్పింది. ఆంటీ నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ఓకే ఓకే, వుయ్ డూ" అని పెట్టేసింది.

"ఏం చేద్దామంటరు ఆంటీ?"

"ఏం చేసుడేంది? తవ్వు."

తవ్వాను. నేను మొదలుపెట్టాక సందులోని ఒక్కో తలుపూ తెరుచుకుంది. మొత్తం సందుకు నిజమైన పార ఒక్కటే ఉండేది. మిగతావాళ్లవి బేకింగ్ ట్రేలు, బ్రెడ్ క్రేట్లు, చెత్త చేటలు. నాది ఆంటీ ఇంట్లో పెద్ద గిన్నె మూత. మూడో ఇంట్లో ఉండే ట్యాక్సీ మనిషి (పొడుగాటి ఎర్రగడ్డం, అందుకే నాకు గడ్డమన్న) "ఇదంతా ఎందుకు, బామ్మను నేనే భుజాన మోసుకొస్తాను" అని బయల్దేరి, రెండడుగులు వేసి వెల్లకిలా పడి, ఏమీ జరగనట్టు లేచి పార అందుకున్నాడు. చేతులు మొద్దుబారాయి, ముక్కు ఉందో లేదో తడుముకుని చూసుకోవాల్సి వచ్చింది. ఆపుదామని మాత్రం ఎవరూ అనలేదు. వెలుతురు తగ్గేసరికి బామ్మ గేటు దాకా బండి పట్టేంత దారి తెరుచుకుంది.

అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు గడ్డమన్న బూటుతో నేలను తట్టి చూపించాడు. తవ్విన చోటంతా తడి. చలి ఇలాగే ఉంటే తెల్లారేసరికి ఆ తడి అద్దంలా గడ్డకడుతుంది. మంచులోనైనా చక్రం దిగబడి నిలుస్తుందేమో గానీ అద్దం మీద నిలవదు. "ఉప్పు కావాలి సన్, ఇప్పుడే కావాలి" అన్నాడు (అక్కడ పెద్దవాళ్లకు కుర్రాళ్లందరూ కొడుకులే, 'సన్'లే). నా గుండె ఒక్క గంతు వేసింది. ఈ ఊళ్లో నాకున్నంత ఉప్పు ఎవరికుంది! ఆ వెంటనే ఆకాశం చూశాను. దీపాల వేళ.

లోపలికి పరిగెత్తేసరికి ఆంటీ పటం ముందు అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. దీపం ఇంకా వెలిగించలేదు. నాన్నను తలుచుకుని గొంతు సవరించుకున్నాను.

"ఆంటీ, బయట వాళ్లకు సూదులు కావాలంట."

"ఈ యాళ సూదులేందిరా?"

"పెరుగు కూడ. నూనె కూడ. ఇంత ఉప్పు గూడ."

"మంచు నెత్తికెక్కిందా నీకు?"

"సరే, సూదులొద్దు. పెరుగొద్దు." (ఇక్కడ తల వేలాడేయాలి. వేలాడేశాను.) "మీ మాట కాదంటనా? నూనె గూడ ఒద్దు. ఉప్పొక్కటియ్యుండ్రి."

ఆంటీ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఈ బేరం నాకు మా నాయిన నేర్పిండు. నువ్వు నాకే అమ్ముతున్నవా?"

నా పునాది కదిలిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. "ఇయ్యాల పొద్దు పొడిసిందా ఆంటీ? పొద్దంత మబ్బే. పొడవని పొద్దు గుంకుడెట్ల? గుంకకుంటె దీపాల యాళ ఎట్లయితది?"

వెనక గదిలోంచి అంకుల్ దగ్గాడు. అది నవ్వని నాకు తెలుసు. ఆంటీ కూడా పెదవి బిగబట్టింది. అగ్గిపెట్టె కౌంటరు మీద పెట్టి తన షరతులు చెప్పింది. "అమ్ముడు లేదు, ఒక్క పైస ముట్టద్దు. మన ఉప్పు డబ్బాల గుప్పెడు మిగలాలె. ఎవ్వల చేతికియ్యద్దు. కింద పెట్టాలె, వాళ్లు తీస్కోవాలె. ఒప్పుకుంటవా?" ఆ క్షణంలో ఆవిడ నన్ను గుంజీలు తీయమన్నా తీసేవాణ్ణి.

చీర మీద అంకుల్ కోటు తొడుక్కుని ఆంటీ తనే బయటికొచ్చింది. అంకుల్ కింద మూటలు అందించే చోట, ఆపైన సందులోని జనం వరసగా, పైకొసన నేను, నాకు కిందగా ఆంటీ. మొదటి మూటకు గడ్డమన్న చేతులు చాచాడు. "నో నో! డౌన్! పుట్ డౌన్!" అని ఆంటీ పెట్టిన కేకకు అంత మనిషీ చేతులు వెనక్కి లాక్కున్నాడు. మూట నేల మీద పెట్టాలి, పక్కవాళ్లు వంగి ఎత్తుకోవాలి, మళ్లీ పెట్టాలి. "ఎందుకిలా సన్?" అని గడ్డమన్న గుసగుసగా అడిగాడు. కరీంనగర్ శాస్త్రం అంతా ఆ చలిలో ఏం విప్పను! "హెల్త్ అండ్ సేఫ్టీ" అన్నాను. అంతే. వరస మొత్తం గంభీరంగా తలూపింది. ఈ దేశంలో ఆ మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఒకాయనైతే ఇది నడుముకు చాలా మంచి పద్ధతని పక్కావిడకు వివరిస్తున్నాడు కూడా.

కిందినుంచి చల్లుకుంటూ సగం దాటాం. అక్కణ్ణుంచి సందు గోడలా లేస్తుంది. ఆంటీ పెట్టిన మూట నేను వంగేలోపే కదిలింది. మొదట మెల్లగా, ఆ తర్వాత హాయిగా, వరసలో ప్రతివాళ్లనూ పలకరిస్తున్నట్టు దాటుకుంటూ వెళ్లి కింద అంకుల్ కాళ్లకు తగిలింది. ఇంకో మూట పెట్టాం. అదీ అంతే. "నా కాళ్లు రెండేనే" అని కిందినుంచి అంకుల్ గొంతు వినిపించింది. (ఆ సంవత్సరంలో ఆయన మాట్లాడిన అతి పొడవైన వాక్యం అదేననుకుంటాను.) కాలికింద అప్పటికే చిటపటమని గడ్డకడుతున్న చప్పుడు. బామ్మ గేటుకు ఇంకా కొంచెం దూరం ఉంది. పైన కిటికీలో నీలం టోపీ.

ఆంటీ ఇంకో మూటను చంటిపిల్లలా పొట్టకు హత్తుకుని నిలబడింది. "కింద పెడితె జారుతది."

"జారుతది."

"చేతికిస్తె లొల్లయితదిరా మనకు."

"ఎంత లొల్లయితది?" అన్నాను (పుట్టుకతో వచ్చిన బుద్ధి, ధర తెలుసుకోందే ఒప్పుకోదు).

"చిన్నదైతె కాదు."

"అయితె అయింది ఆంటీ. తియ్యుండ్రి."

ఆవిడ ఒకసారి కిటికీ వైపు చూసింది, ఒకసారి నా వైపు. ఒక్క అడుగు పైకి వేసి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేసింది. ఉప్పు మూట తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "పట్టు. తర్వాత నన్ను తిట్టద్దు."

"మీరు తిట్టకుంటె నేను తిట్ట."

ఆపైన ఎన్ని మూటలు చేతులు మారాయో. గింజలు చల్లినట్టు గుప్పిళ్లతో చల్లుకుంటూ గేటు దాకా వెళ్లాం, అక్కణ్ణుంచి బామ్మ గుమ్మం దాకా కూడా.

పొద్దున్నే వ్యాను వచ్చింది. కొట్టు ముందు నేనూ ఆంటీ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. వెనక చక్రాలు ఒకసారి కర్రుమన్నాయి, పట్టు దొరకబుచ్చుకున్నాయి, ఎక్కేశాయి. కాసేపటికి బామ్మను ఎక్కించుకుని జాగ్రత్తగా దిగింది. మా ముందుకు రాగానే బామ్మ అద్దం దించి, "డాక్టరు నన్ను చిటికెడు ఉప్పు కూడా ముట్టొద్దన్నాడు, మీరేమో నా గుమ్మంలో మూటలు పోశారు. ఆయనకు చెప్పకండి" అంది. వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

నా ఛాతీ పొంగింది. "చూసినరా ఆంటీ, నేను కొన్న ఉప్పు!"

"నువ్వు కొన్నవా? ఎవ్వల కొట్టురా ఇది?"

"నాకు మనవలు పుట్టేదాక అమ్ముడువోదని మీరే తిట్టలే? బేరం చేసింది నేను. రాత్రి మిమ్మల్ని ఒప్పించింది గూడ నేనే."

"ఒప్పించినవా!" ఆంటీ గొంతు సందు పైదాకా వెళ్లింది. "నీ సూదులకు, నీ పెరుగుకు నేను ఒప్పుకున్ననా? దీపం పెట్టే యాళ ఎప్పుడో దాటింది. నువ్వొచ్చి అడుగుతవని అగ్గిపెట్టె పట్టుకోని నిలవడ్డ. చెయ్యి గుంజుతుంది, అయినా గీయలే. నువ్వొచ్చి సూదులంటవ్!"

నేనేదో అన్నాను, ఆవిడ ఇంకేదో అంది. పాలకోసం వచ్చిన గడ్డమన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఉప్పు చేతికిచ్చుకున్నరు కద" అంటూ అంకుల్ కెటిల్ మీట నొక్కాడు. మేమిద్దరం ఒకేసారి ఆయన వైపు తిరిగి "మీరు మాట్లాడకుండ్రి" అన్నాం.

ఆ లొల్లి ఇప్పటికీ తేలలేదు. ఆదివారాలు ఫోను చేస్తే, యోగక్షేమాలయ్యాక ఎక్కడ ఆపామో అక్కణ్ణుంచి మొదలుపెడతాం. కానీ రగ్గు కప్పుకుని కిటికీలోంచి మంచు చూస్తున్నప్పుడు నాకు కనబడేది మాత్రం వాడు: ముక్కు ఎర్రగా, చేతులు కొయ్యబారి, జీవితంలోకెల్లా పెద్ద బేరం గెలిచేశాననుకుని ఉప్పు మూటతో ఏటవాలు ఎక్కుతున్న కుర్రాడు. పిలిచి చెబుదామనిపిస్తుంది, ఒరేయ్, నువ్వు గెలవలేదురా, నువ్వు నోరు తెరవకముందే ఆవిడ ఇచ్చేసింది అని. చెప్పను. ఎక్కనీ పాపం. గేటు ఇంకా కొంచెం దూరంలో ఉంది.