ఆకుపచ్చ పెట్టె గారికి

స్టేషన్లోంచి బయటికొచ్చి ఎడమచేతి వైపు నడిస్తే నాలుగో దుకాణం ఆయనది. గుమ్మం దగ్గర కాస్త వెడల్పుగా మొదలై, లోపలికి పోయేకొద్దీ సన్నబడిపోయే గది. గోడ నిండా కొక్కేలు, కొక్కేల నిండా చక్రాలు, హ్యాండిళ్లు, తాళాలు, పట్టీలు. వెనక గదిలో కుట్టుమిషన్, దాని ముందు ఆయన అక్క. ప్రయాణికుల పెట్టెలు బాగుచేయడం వాళ్ల నాన్న మొదలుపెట్టిన పని. నాన్న పోయాక చక్రాలూ రివెట్లూ తమ్ముడి వంతుకు, పెట్టె లోపలి అస్తరు గుడ్డ అక్క వంతుకు వచ్చాయి. పెళ్లి మాట ఇద్దరిలో ఎవరికీ కలిసిరాలేదు. కలిసొచ్చి ఉంటే ఈ దుకాణంలో చోటెక్కడ సరిపోయేదని అక్క అంటుంది.

వీధిలో అందరూ ఆయన్ని పెట్టెల డాక్టరంటారు. ఆయన చెయ్యి పడ్డ పెట్టెలు తిరగని దేశం లేదు. ఆయన మాత్రం జన్మలో ఊరు దాటింది రెండే రెండుసార్లు. ఒకసారి టోకు బజారుకు వెళ్లి చక్రాలు కొనడానికి, రెండోసారి ఆ చక్రాలు సరిపోక మార్చుకురావడానికి.

బహుశా అందుకే ఆ చీటీల అలవాటు పట్టుకుంది. బాగుచేసిన ప్రతి పెట్టెలోనూ, మూత లోపలి జేబులో ఒక చీటీ పెడతాడు. ‘ఈ పెట్టె మా దగ్గర బాగుపడింది. ఇప్పుడు ఎక్కడుందో, ఎలా ఉందో ఒక కార్డు ముక్క రాస్తే సంతోషిస్తాం.’ కింద దుకాణం చిరునామా. అడిగితే, చేసిన పని ఎన్నాళ్లు ఆగుతోందో తెలుసుకోవడానికంటాడు. అక్క ఆ మాట నమ్మదు. పక్కింటి గిన్నెల చప్పుడుకు కూడా చెవి రిక్కించే మనిషికి ప్రపంచమంతా పక్కిల్లయిందని ఆవిడ లెక్క.

కార్డులు వచ్చేవి. మంచు కొండల నుంచి, ఓడరేవుల నుంచి, పేరు పలకడానికే నాలుక మడతపడే ఊళ్ల నుంచి. ప్రతి కార్డుకూ, దాని మీదున్న చిరునామాకు, ఆయన ఆ రోజే జవాబు రాసేవాడు. అయితే ఆయనలో ఒక లోపం ఉంది. మనుషుల ముఖాలు గుర్తుండవు, పేర్లు అసలే గుర్తుండవు. పెట్టెలు మాత్రం పదేళ్లయినా మర్చిపోడు. ఒకసారి సొంత మేనమామ ఎదురుపడితే పలకరించకుండా వెళ్లిపోయి, ఆయన చేతిలో సంచీ చూసి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. అందుకే ఉత్తరాలు కూడా పెట్టెల పేరు మీదే నడిచేవి. ‘గోధుమరంగు పెట్టె, విరిగిన తాళం గారికి’ అని మొదలయ్యేవి. అవతలివాళ్లకు అది ముచ్చటగా తోచి, వాళ్లూ అలాగే సంతకం చేసేవారు.

అందరిలోకీ ఆయనకు ప్రాణం ఆకుపచ్చ పెట్టె. పదకొండేళ్ల స్నేహం. ఆవిడకు సొంత ఇల్లు లేదు. ఊళ్లకు వెళ్లేవాళ్ల ఇళ్లలో నెలా రెండు నెలలూ ఉండి, మొక్కలకు నీళ్లు పోసి, పిల్లులకు తిండి పెట్టి, ఇంటివాళ్లు రాగానే ఇంకో దేశంలో ఇంకో ఇంటికి వెళ్లిపోయేది. మధ్య మధ్య పియానోలకు శ్రుతి సరిచేసేది. పియానో కింద గంటల తరబడి మోకాళ్ల మీద కూర్చోవడం వల్ల కుడి మోకాలు పట్టేసింది. ఆ మోకాలి గురించి డాక్టరు ప్రతి జవాబులోనూ అడిగేవాడు. ఒకసారి అక్క చేత నొప్పుల నూనె కాయించి, సీసా చుట్టూ అస్తరు గుడ్డ ముక్కలు చుట్టి పార్సిలు కూడా పంపాడు.

“ఒరేయ్, ఇళ్లు కాయడమేంటి, పియానోలేంటి? రెంటికీ పొంతనేదిరా?” అంది అక్క ఒకసారి.

“ఉన్న ఇంట్లో పియానో ఉంటుంది. ఊరికే కూర్చోలేక సరిచేస్తుంది,” అన్నాడు.

మరి అక్షరాలు ఒక కార్డులో ఎడమకూ ఒక కార్డులో కుడికీ ఎందుకు వాలుతున్నాయని కూడా అక్క అడిగింది. రైల్లో రాస్తే ఒకలా, ఓడలో రాస్తే ఒకలా వస్తాయని తేల్చేశాడు. ఒక నెలలో రెండు కార్డులు ప్రపంచానికి ఆ చివర నుంచి ఒకటి, ఈ చివర నుంచి ఒకటి వస్తే, అనుమానపడాల్సింది పోయి పొంగిపోయాడు. “చూశావా అక్కా, ఎంత తిరుగుతోందో. పెట్టెకు ఏమీ కాలేదు.”

అలా ఉండగా ఒకరోజు ఆకుపచ్చ పెట్టె నుంచి కార్డు కాదు, కవరే వచ్చింది. డాక్టరు దాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారి అక్కకు వినిపించాడు. ‘మొన్న ఒక ఫారంలో శాశ్వత చిరునామా రాయమన్నారు. ఇన్ని ఇళ్లలో ఉన్నాను గానీ ఏ ఒక్కటీ నాది కాదు. చాలాసేపు కూర్చుని, చివరికి మీ దుకాణం చిరునామా రాశాను. అడక్కుండా రాసినందుకు ఏమీ అనుకోకండి. నా గురించి నాకన్నా ఎక్కువ గుర్తుపెట్టుకునేది మీరొక్కరే. వచ్చే పదిహేనో తారీఖు ఉదయం వస్తున్నాను. హ్యాండిలు ఊడింది.’

ఆ ఉత్తరం అందిన దగ్గర్నుంచి డాక్టరు కాలు నేల మీద నిలవలేదు. దుకాణానికి మూడు మెట్లున్నాయి, మోకాలికి ఇబ్బందని పక్కన చెక్క పలక వాల్చాడు. కుర్చీలో దిండు పెట్టాడు, కాలు చాపుకోవడానికి ముందొక పీట వేశాడు. అక్క చేత మళ్లీ నూనె కాయించాడు. పదకొండేళ్ల కార్డులూ ఒక అట్టపెట్టెలో వేసి, బల్ల కింద సిద్ధంగా ఉంచాడు. పెళ్లివారికైనా ఇంత హడావుడి ఉండదని అక్క గొణిగింది. గొణుగుతూనే కొత్త చీర కట్టుకుంది.

పదిహేనో తారీఖు పదింటికి ఒకావిడ వచ్చింది. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, చేతిలో ఆకుపచ్చ పెట్టె. చెక్క పలక వైపు చూడనైనా చూడకుండా రెండు మెట్లు ఒక్క అంగలో ఎక్కేసింది. మూడో మెట్టు మీద డాక్టరు కంటపడగానే ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఎడమ కాలు మెల్లగా ఈడ్చింది.

“మోకాలు ఎలా ఉందండీ?” అదీ డాక్టరు మొదటి మాట.

“మీ నూనె పుణ్యమా అని ఇప్పుడు కాస్త ఫర్వాలేదండీ,” అందావిడ, దిండున్న కుర్చీ వైపు కుంటుతూ.

కూర్చునేటప్పుడు మాత్రం కుడి కాలు పట్టుకుంది. వెనక గది గుమ్మంలో నిలబడ్డ అక్క ఇది చూసింది. చూసి, నోరు తెరవకుండా టీ పెట్టడానికి వెళ్లింది. ఆవిడ నోరు తెరవకపోవడం ఆ ఇంట్లో చిన్న విషయం కాదు.

డాక్టరు ఇవేవీ చూసే స్థితిలో లేడు. పెట్టెను రెండు చేతులా అందుకుని బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ల కిందట దానికి ఎడమ చక్రం మార్చాడు, ఆ వేళ సుత్తి దెబ్బ బొటనవేలి మీద పడి ఇప్పటికీ గోరు వంకరగానే మొలుస్తుంది. ఆ చక్రం ఎలా ఉందో చూద్దామని పెట్టెను తిరగేశాడు. ఎడమ చక్రం కంపెనీ బిగించిన చక్రమే. రివెట్లూ అవే, ఒక్కటీ ఆయన కొట్టింది కాదు. మూత తెరిచాడు. లోపల నీలం పువ్వుల అస్తరు, అంచున అక్క వేసే జంట కుట్టు. అంతే. తన చెయ్యి ఆ పెట్టె మీద ఎక్కడా పడలేదు.

అప్పుడు వెలిగింది. ఆ ఏడాదే, చక్రాలు మార్చుకురావడానికి తను ఊరెళ్లిన రెండు రోజులూ దుకాణంలో అక్క ఒక్కతే ఉంది. లోపలి అస్తరు చిరిగితే అక్క బాగుచేసి, ఎప్పటిలాగే చీటీ పెట్టి పంపేసింది. పైరంగు ఆవిడ చూడదు, ఆవిడకు పెట్టె అంటే లోపలి భాగమే. అంటే ఆకుపచ్చ పెట్టెలు రెండు. పియానోలు ఒకరివి, ఇళ్లు ఇంకొకరివి.

ఎదురుగా కూర్చున్నది వీళ్లలో ఎవరో కూడా ఆయనకు తెలియలేదు. ఉత్తరం చూస్తే ఇళ్లు కాసే ఆవిడ, పీట మీద పెట్టిన కాలు చూస్తే పియానోలావిడ. నిన్నంతా దోమతెరలా తేలికగా ఊగిన మనసు ఇప్పుడు రేకులా బిగుసుకుంది. నోరు మూసుకుని హ్యాండిలు బిగించి ఇస్తే సరిపోతుంది, ఆవిడ సంతోషంగా వెళ్లిపోతుంది. నిజం చెబితే, ప్రపంచం మొత్తంలో ఆవిడ ఏరుకున్న ఒక్క చిరునామా పోతుంది. స్క్రూలు తిప్పాడు. ఎప్పుడూ కుడివైపు తిప్పే స్క్రూ ఎడమవైపు తిప్పి, అది ఊడి కింద పడితే వెతుక్కున్నాడు.

ఆవిడ గోడకున్న చక్రాలు చూస్తూ మాట్లాడుతోంది. వెళ్లిన చోటల్లా అందరికీ ఈ దుకాణం గురించి చెప్పానంది. నా పెట్టెను ఒక్కసారే చూసి, నన్ను ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్న మనిషి ఒకరున్నారని చెప్పానంది.

ఆ మాటతో ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

“ఒక్కసారి కూడా చూళ్లేదండీ. మిమ్మల్నీ చూళ్లేదు, ఈ పెట్టెనీ చూళ్లేదు. మా అక్క కుట్టింది. ఆకుపచ్చ పెట్టెలు ఇద్దరికున్నాయి. పదకొండేళ్ల నుంచీ ఇద్దర్నీ ఒకరనుకుని రాస్తున్నాను.”

టీ గ్లాసులతో వచ్చిన అక్క అక్కడే ఆగిపోయింది. కుర్చీలో ఉన్నావిడ పెట్టె వైపు చూసింది. తర్వాత పీట మీది కాలు తీసి, రెండు కాళ్లూ నేల మీద సమంగా పెట్టుకుంది.

“నా మోకాలికి ఏ జబ్బూ లేదండీ. ఎప్పుడూ లేదు,” అంది.

“మరి నొప్పి కాస్త తగ్గిందని రాస్తూ వచ్చారే?”

“మొదట అడిగినప్పుడు పట్టించుకోలేదు. రెండోసారి కంగారుగా అడిగారు. నొప్పి లేదని రాస్తే మళ్లీ రాయరేమోననిపించింది. తిండి పెట్టానా, నీళ్లు పోశానా అని అడిగేవాళ్లే గానీ, నా ఒంట్లో ఒక్క భాగం గురించైనా అడిగింది మీరే కదా.”

“వచ్చేటప్పుడు ఎడమ కాలు, కూర్చునేటప్పుడు కుడి కాలు. నేనప్పుడే అనుకున్నాను,” అంది అక్క టీ అందిస్తూ. “నా నూనె ఏం చేశావమ్మా మరి?”

తలుపు బందులకు రాశానని ఆవిడ తల దించుకుని ఒప్పుకుంది. ఆ నూనెతో నాలుగు దేశాల్లో తలుపుల కిర్రుమనే చప్పుడు తగ్గిందట. అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వితే టీ గ్లాసులు కూడా ఊరుకోవు, కాస్త చీర మీద ఒలికింది. డాక్టరుకు మాత్రం నవ్వు రాలేదు, సిగ్గు వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి.

“మరి ఆ మోకాలు ఎవరిదండీ? ఇప్పుడెలా ఉంది?” అంది ఆవిడ ముందుకు వంగి.

ఆ ప్రశ్నలో కోపం లేదు. ఉన్నదల్లా డాక్టరుకు బాగా తెలిసిన జబ్బే. చెవి రిక్కించే జబ్బు.

అట్టపెట్టె బల్ల మీద బోర్లించారు. ముగ్గురూ కూర్చుని ఏరారు. ఎడమకు వాలిన అక్షరాలు ఆవిడవి. కుడికి వాలినవి పియానోలావిడవి. నిటారుగా ఉన్నవి మూడు కార్డులు మిగిలాయి, కవల మనవలు నడక నేర్చారో లేదో చెప్పే కార్డులు. అవి తనవి కావంది ఆవిడ. పియానోలావిడ కుదురుగా కుర్చీలో కూర్చుని రాసినప్పటివయ్యుంటాయని అక్క వాటిని రెండో గుట్టలో పడేసింది.

ఆ గుట్టలో ఒక కార్డు ఆవిడ పైకి చదివింది. ‘మీరు అడిగిన చెవిటి పిల్లి క్షేమం. బాగా తింటోంది.’ చదివి, డాక్టరు ముఖంలోకి చూసింది. “చెవిటి పిల్లి నేనున్న ఇంట్లోది కదండీ. ఈవిడకు పిల్లి ఎక్కడిది?”

అంత దూరాన, ఎవరో తెలియని ఒకావిడ, లేని పిల్లికి ఏళ్ల తరబడి కడుపు నిండా తిండి పెడుతూ వచ్చింది.

మధ్యాహ్నం దాకా చదివారు. పియానోలావిడ మోకాలికి పోయిన వానాకాలంలో ఆపరేషన్ అయింది. ఇప్పుడొక చిన్న ఊళ్లో గది తీసుకుని విశ్రాంతిగా ఉంది. ఆ చిరునామా ఆవిడ తన పుస్తకంలో రాసుకుంది. వచ్చే నెల తను కాయాల్సిన ఇల్లు అక్కడికి రైల్లో మూడు గంటలేనట. అక్క కొత్త నూనె సీసా తెచ్చి ఇచ్చింది.

“ఈసారి మోకాలికే రాయండమ్మా. తలుపులకు కాదు.”

హ్యాండిలు బిగించి, రెండుసార్లు గుంజి చూసి, డాక్టరు పెట్టెను గుమ్మం దాకా మోశాడు. ఆవిడ మెట్ల మీద ఆగింది.

“ఆ ఫారంలో రాసిన చిరునామా కొట్టేయమంటారా?”

డాక్టరు కొత్త హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. “ఉంచండి. ఇప్పుడు దీని మీద నా చెయ్యి కూడా పడింది కదా.”

ఆవిడ మెట్లు దిగింది, రెండు మెట్లు ఒక్క అంగలో. ఆ పెట్టె స్టేషన్ జనంలో కలిసిపోయేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆవిడ ముఖం ఎలా ఉంటుందని ఆ సాయంత్రం అక్క పరీక్ష పెడితే, పొట్టి జుట్టనీ, నవ్వితే ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుందనీ చెప్పాడు. అక్క ఆశ్చర్యపోయింది.

నెలన్నర తర్వాత ఒక కార్డు వచ్చింది. సగం అక్షరాలు ఎడమకు, సగం కుడికి వాలి ఉన్నాయి.

‘మోకాలు నిజమే, ఇప్పుడు మెట్లెక్కుతోంది. పిల్లి అబద్ధం. మీరు రెండో కార్డులోనే పిల్లి గురించి అంత ప్రేమగా అడిగితే, లేదనడానికి నోరు రాలేదు. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని మీ ఉత్తరాలన్నీ కలిపి చదివాం. ఒక్కటే అర్థం కావడం లేదు. కవల మనవలు ఎవరికండీ? మా ఇద్దరికీ పిల్లలే లేరు.’

డాక్టరు కార్డు పట్టుకుని వెనక గదికి వెళ్లాడు. నేను ఊళ్లో లేని ఆ రెండు రోజుల్లో ఎన్ని ఆకుపచ్చ పెట్టెలు కుట్టావక్కా అని అడిగాడు.

“నాకేం గుర్తురా? నేను లోపలి పువ్వులే చూస్తాను,” అంది అక్క మిషన్ ఆపకుండా.

ఆయన అట్టపెట్టె దింపి, నిటారు అక్షరాల కార్డులు మూడూ బయటికి తీశాడు. కొత్త కార్డు మీద ‘ఆకుపచ్చ పెట్టె గారికి’ అని రాసి ఆగాడు. ఈసారి ఏదీ ఊహించకూడదనుకుని, కింద ఒకే ఒక్క వాక్యం రాశాడు.

‘దయచేసి మీరెవరో మొదటి నుంచీ చెప్పండి.’