పెదనాన్న మానేసిన అన్నం

మొన్న విజయవాడలో ఒక పెళ్ళిలో, నా పక్కన కూర్చున్న పెద్దాయన షుగరు వచ్చినప్పటి నుంచి అన్నం ముట్టడం లేదని ఎంతో గర్వంగా చెబుతూనే ఇడ్లీల మీద ఇడ్లీలు లాగించేస్తుంటే, నవ్వాలో తిట్టాలో తెలియక చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కారప్పొడి ఘాటని చెప్పి తప్పించుకున్నాను గానీ, నాకు గుర్తొచ్చింది మా పెదనాన్న.

కూచిపూడి దగ్గర పల్లెలో ఉమ్మడి కుటుంబం మాది. పెదనాన్న కోపం ఊరందరికీ తెలుసు. చేలోకి నీళ్ళు మళ్ళించుకున్నాడని పక్క రైతును పార తిరగేసి కొట్టి చెయ్యి విరగ్గొట్టాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని విసిరిన ఇత్తడి కంచం తగిలి పెద్దమ్మ కనుబొమ్మ చీలితే, రక్తం చుక్కలు చుక్కలుగా కారుతున్నా ఆవిడ తలెత్తకుండా మళ్ళీ వడ్డించింది. పిల్లలం గాదె చాటున నక్కి చూసేవాళ్ళం. ఆ ఇంటిని తలుచుకుని మురిసిపోయే మా అన్నయ్యలను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఆయనకు షుగరు బయటపడింది. తెల్లటి పాలిష్ బియ్యం తగ్గించి పప్పూ కూరా ఎక్కువ తినమనీ, బొజ్జ కరగాలనీ డాక్టరు చెప్పాడు. పెద్దమ్మ భయంభయంగా జొన్నరొట్టె పెట్టింది. మాగాణి రైతుకు రొట్టె ముక్క పడేస్తావా అంటూ ఆయన కంచాన్ని కాలితో తన్నబోతే, గురి తప్పి కాలు రుబ్బురోలుకు తగిలి బొటనవేలి గోరు ఊడింది. చిన్న దెబ్బే. మానలేదు. షుగరు దిగకపోతే కాలు దక్కదని డాక్టరు తేల్చి చెప్పాక, పెదనాన్న భయపడటం మొదటిసారి చూశాను.

మా వైపు శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళు రాత్రికి అన్నం మాని ఫలహారం చేస్తారు. పెదనాన్న ఆ లెక్కన ప్రతి పూటా శనివారం చేసేసుకున్నాడు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం దిబ్బరొట్టె, రాత్రి ఉప్పుడుపిండి. అన్నిట్లోనూ బియ్యపు రవ్వే, అన్నంలాగే ఇట్టే అరిగి ఒంట్లో చక్కెర పెంచేదే. మెతుకు మాత్రం ముట్టలేదు, పట్టుదల మనిషి. షుగరు దిగలేదు, బొజ్జా తగ్గలేదు. కాఫీలో దొంగతనంగా పంచదార కలుపుతున్నావంటూ పొగలు కక్కే గ్లాసు పెద్దమ్మ మీదికి విసిరాడు. ఆవిడ మెడంతా బొబ్బలెక్కింది. పాదం నల్లబడింది. బెజవాడ ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకు, పెద్దమ్మకు తల దువ్వుతూ, పాపం తెలియక అలా జరిగింది కదా అన్నాను. ఆవిడ నా చేతిలోంచి దువ్వెన లాక్కుంది.

"తెలీక ఏంటే? రవ్వ ఆడించింది నేనేగా, అది బియ్యం కాదా? డాక్టరు గారు నాకు విడిగా చెప్పారు కూడాను. మీ పెదనాన్నకి చెబితే నా తల పగిలేది, చెప్పకపోతే ఆయన కాలు పోయేది. నా తల నాకు కావాల్సొచ్చిందే."

ఇప్పుడు నాకూ షుగరే. మా కోడలు నా పళ్ళెంలోంచి మూడో దోసె తీసేసి, ఇదీ బియ్యమే అత్తయ్యా, కూర వేసుకోండి అని గదమాయిస్తుంది. నాకు పెదనాన్న కోపమే వారసత్వంగా వచ్చింది, చెయ్యి లేస్తుంది కూడా. ఆ పిల్ల నా చేతి వంకైనా చూడదు. ఆ ఇంట్లో పెద్దమ్మను ఇలా ఒక్క మాట అననిచ్చి ఉంటే, మా పెదనాన్న రెండు కాళ్ళతోనే పోయేవాడు.