తిమింగలం పాటలో తెగిన పోగు

ఆగయ్యకు లోకంలో చులకన కానిది ఒక్కటే, తన చెవి. పంతొమ్మిదేళ్లప్పుడు సిరిసిల్ల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి, ముప్పై రెండేళ్లుగా ఉధ్నాలో ఒకే కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేస్తున్నాడు. అరవై మరమగ్గాలు ఒక్కసారిగా మోగుతున్నా గుమ్మంలోనే నిలబడి దేనికి ఏ రోగమో చెప్పేవాడు. విప్పి వెతికే మెకానిక్కులంటే అతనికి ఒళ్లుమంట. "చూసి చెప్పేటోనికి మాస్టరని పేరెందుకుర?" అనేవాడు.

అందుకే రెండో మాస్టరుగా ఓంప్రకాష్ చేరిన రోజు నుంచీ అతన్ని పురుగులా చూశాడు. పోయిన శనివారం ఓంప్రకాష్, "అన్నా, పద్నాలుగో సాంచా సన్నగ కీచుమంటుంది" అన్నాడు. ఆగయ్య వెళ్లి నిలబడ్డాడు. అతనికి కీచూ లేదు, గీచూ లేదు. "ముందుగాల నీ చెవుల గుబిలి తీపిచ్చుకో పో" అన్నాడు నలుగురిలో. కార్ఖానా యజమాని శేఠ్ విసుక్కున్నాడు. సోమవారం సాంచా విప్పిస్తానని, ఎవరి మాట తప్పయితే వాళ్లు ఇంటికేనని తేల్చేశాడు.

ఆదివారం భేస్తాన్‌లో ఇంటిపట్టున ఉన్న ఆగయ్యకు కూతురు కరుణ దొరికింది. ఆమె ఉద్యోగమంటే అతనికి మరీ లోకువ. అడాజన్‌లో ఏసీ గదిలో కూర్చుని, సముద్రంలో వేసిన మైకులకు చిక్కిన తిమింగలాల పాటలు వినడమట!

"చాపలు పాడుడేంది, నువ్వు జీతం దీస్కొని ఇనుడేంది?"

"చాపలు గావు బాపూ. ఒక్కో మందకు ఒక్కో పాట. మన దిక్కు సముద్రంల ఉండేటియి ఒక తీరు పాడ్తయి, దూరం సముద్రంలయి ఇంకో తీరు. పాటను బట్టి ఏ మందనో పట్టుకుంటం. జర ఇను."

ల్యాప్‌టాప్ తెరిచి అతని తలకు హెడ్‌ఫోన్స్ తగిలించింది. కాసేపు విని ఆగయ్య ముక్కు చిట్లించాడు.

"గిదేం పాటనే? నడుమ నడుమ ఆగిపోతుంది. పేక పోగు తెగి సాంచా ఆగినట్టున్నది."

"యాడ ఆగింది బాపూ?"

మళ్లీ పెట్టింది. అతను వేలెత్తి, "ఇగో, ఈడ" అన్నాడు. కరుణ తెరవైపు చూసింది. పాట స్వరాన్ని చూపే గీతలు ఎక్కడా తెగలేదు. అతను వేలెత్తిన చోట పైపైకి ఎగబాకాయి. హెడ్‌ఫోన్స్ ఒక పక్క తన చెవికి ఆనించుకుని వింది.

"ఈడనే సన్నగ కీచుమంటుంది గదా. గా కీచుతోనే ఇది మన మంద అని గుర్తువడ్తం."

మూడోసారీ పెట్టింది. మూడోసారీ అక్కడే వేలు లేచింది. కరుణ తెర వదిలి తండ్రి చెవి వైపు చూసింది. "రికార్డు ఖరాబున్నది" అంటూ ఆగయ్య హెడ్‌ఫోన్స్ మంచం మీదికి విసిరాడు. ఆ మాటను అతనే నమ్మలేదు.

సోమవారం ఓంప్రకాష్ పద్నాలుగో సాంచా విప్పాడు. బేరింగు ఎండిపోయి అరిగిపోయింది. ఆగయ్య దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు. శనివారం దాకా బాగానే ఉందని బొంకొచ్చు. కానీ బొంకే మాస్టరంటే అతనికి ఓంప్రకాష్ కన్నా పదింతల అసహ్యం.

శేఠ్ వచ్చి, ఎవరిది తప్పని అడిగాడు.

"నాదే. నా చెవులు వోయినయి," అన్నాడు ఆగయ్య హిందీలో, మెల్లగా.

మిగతా సాంచాల రొదలో శేఠ్‌కు వినపడలేదు. "క్యా?" అంటూ చెవి దగ్గరికి తెచ్చాడు.

ఆ మాటనే ఆగయ్య, కార్ఖానా అంతా తిరిగి చూసేలా, అరిచి చెప్పాల్సి వచ్చింది.