కుట్టు విప్పనన్న సూదత్త

సినిమా దుస్తుల గదిలో సూదత్తను ఎరగనివాళ్లు లేరు. కొత్త బట్టలను పాతవిగా చేయడం ఆమె పని. తళతళలాడే చొక్కాను ఇటుకతో రుద్ది, టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఎండలో పడేస్తే సాయంత్రానికి అది పదేళ్ల కష్టం చూసినట్టు తయారయ్యేది. "నా చేతిలో పడితే పెళ్లికొడుకైనా ముష్టివాడే" అని గొప్పలు పోయేది. చిక్కల్లా ఒక్కటే. చిరుగు కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. కబుర్లు చెబుతూనే కుట్టేస్తుంది. పొద్దున తాను చింపిందే మధ్యాహ్నం తానే కుట్టేసిన రోజులూ ఉన్నాయి. పక్కవాళ్లు సూదులు దాచేవారు. ఆమె కొప్పులో ఇంకొకటి ఉండేది.

ఈసారి తీస్తున్నది యుద్ధం సినిమా. అమ్మానాన్నల్ని పోగొట్టుకుని శిబిరానికి చేరిన ఆరేళ్ల పిల్లను, అక్కడ తిండి పంచే అమ్మాయి చేరదీస్తుంది. అదీ కథ. పిల్ల గౌను భుజం దగ్గర చినిగి వేలాడాలి. అత్త సణుక్కుంటూనే చింపింది. పొద్దుట తిండి క్యూ దృశ్యం తీశారు. భోజనాల వేళ ఆ వేషం వేసిన పాప అత్త పక్కన చేరి బడి ముచ్చట్లు చెప్పింది. అత్త ఊకొట్టింది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

తర్వాత గుడారం దృశ్యం తీయబోతూ దర్శకుడు చూసి నెత్తి పట్టుకున్నాడు. "క్యూలో చిరుగు, గుడారంలో కుట్టు! మధ్యలో యుద్ధం ఆపి దర్జీ దగ్గరికి వెళ్లొచ్చిందా ఈ పిల్ల? విప్పత్తా!"

మామూలుగా అయితే నాలిక కరుచుకుని విప్పేసేదే. ఆ రోజు మాత్రం పాపను తన వెనక్కి లాక్కుంది.

"విప్పను బాబూ. ఎవర్నీ విప్పనివ్వను."

"అయితే ఇంటికెళ్లు. రేపట్నుంచి రానక్కర్లేదు."

అత్తకు ఈ పని తప్ప మరోటి రాదు. భయం వేసింది. అయినా కత్తెర పెట్టెలో పడేసింది.

"నాకూ ఆరేళ్లప్పుడే మా ఊరు తగలబడింది. తిండి వరసలో నిలబడేముందు మా అమ్మ నా భుజం కుట్టింది, దిక్కులేని పిల్లనుకుంటారని. కుట్టి, నీళ్లకని వెళ్లింది. మళ్లీ రాలేదు. గౌను ఊపిరాడనంత బిగుసుకుపోయినా ఆ కుట్టు విప్పనివ్వలేదు నేను. ఇప్పుడు నా చేత విప్పిస్తావా?"

దర్శకుడికి కోపమెక్కువే గానీ బుర్ర లేకపోలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తిండి పంచే అమ్మాయే కుట్టినట్టు మధ్యలో ఓ ముక్క తీస్తే గొడవే లేదు. కాకపోతే ఆ వేషం వేసిన నటికి సూది పట్టడం రాదు. రెండుసార్లు గుచ్చుకుని కెవ్వుమంది. చివరికి చేతులు మాత్రం అత్తవి పెట్టారు. ఉన్న కుట్టు మీదే నాలుగు కుట్లు వెయ్యమన్నారు. నోరు మెదపొద్దని మరీ మరీ చెప్పారు.

కెమెరా తిరిగింది. చక్కిలిగిలి పుట్టి పాప మెలికలు తిరిగింది. అత్త నోరు ఊరుకుంటుందా?

"కదలకే నా తల్లీ. నేనెక్కడికీ పోవట్లేదుగా."

పాప బుద్ధిగా ఆగింది. దర్శకుడు కాగితాలన్నీ తిరగేశాడు. "ఈ మాట ఇందులో లేదే! ఎవరు రాశారు?"

"మా అమ్మ," అంది సూదత్త, దారం కొరికేస్తూ.