పద్నాలుగు ఊళ్ళ మొదటి తాంబూలం

పోయిన వారం బస్సు కోసం నిలబడి ఉండగా, పక్కనున్న మోటార్లకు తీగ చుట్టే కొట్టులోంచి కాలిన వార్నిష్ వాసన వచ్చింది. అందరూ ముక్కు మూసుకుంటే నేను రెండడుగులు దగ్గరికి జరిగాను. కోయంబత్తూరులో అటువంటి కొట్టు మేడమీదే సుశీల అక్క ఆఫీసు ఉండేది. ఆమె యజమాని, నేను ఆమె కింద పనిచేసేదాన్ని; అయినా మేడమ్ అంటే పలికేది కాదు, అక్కా అంటేనే తలెత్తేది. పంపులు చేసేవాళ్ళకూ, కొబ్బరి వ్యాపారులకూ వెబ్‌సైట్లు చేసిపెట్టేది. మాట్లాడేది తెలుగు, రాసుకునేది తమిళం, కంప్యూటర్‌ను తిట్టేది ఇంగ్లీషు.

నన్ను మూడు నెలల పరీక్ష మీద తీసుకుంది. నెగ్గకపోతే మేట్టుపాళయంలో మా నాన్న వక్కల మండీలో కూర్చోవాలని ఇంట్లో ఒప్పందం. వక్కల మీద నాకు పగ లేదు, కానీ నా మనసంతా ఆ మేడమీది కుర్చీలోనే ఉండేది. ఉద్యోగంలో యోగం ఎంత, ఉద్వాసన ఎంత అని రోజూ లెక్కపెట్టుకునేదాన్ని.

మూడో నెలలో పెద్ద పని వచ్చింది. ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడి పద్నాలుగు ఊళ్ళలో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళంతా ఏటా ఒకసారి కలుస్తారు. ఆ కూటానికి ముందే తమకొక సైటు కావాలన్నారు. ఊరికొక పేజీ. ప్రతి పేజీలోనూ ఆ ఊరి మొదటి తాంబూలం ఎవరిదో చెప్పే భాగం ఉండాలి. మా పెళ్ళిళ్ళలో ఊరి పేరు చెప్పి, మొదటి తాంబూలం అందుకునేవారిని పేరుపెట్టి పిలుస్తారు. ఆ పిలుపు తప్పితే ఊరు ఊరంతా భోజనానికి కూర్చోకుండా లేచి వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

మేము సైట్లు తయారుచేసే ఎడిటర్‌లో ఒక సౌకర్యం ఉంది. ఒక భాగాన్ని ఒకసారి తయారుచేసి దాచిపెడితే ఎన్ని పేజీల్లోనైనా వాడుకోవచ్చు. ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుకుంటుంది. దాన్ని కామన్ సెక్షన్ అంటాం. అక్క అది ఒకసారి చూపించగానే నాకంతా వచ్చేసిందనుకున్నాను. కారమడైలో మొదటి తాంబూలం అందుకునే తాత పేరూ ఫోటోతో ఒక భాగం చేసి, పైన 'ఊరి పెద్ద' అని రాసి, పద్నాలుగు పేజీల్లోనూ పెట్టాను. తర్వాత ఒక్కో పేజీకి వెళ్ళి పేరు మార్చుకుంటూ వచ్చాను. మార్చిన ప్రతిసారీ మిగతా పదమూడూ మారిపోతున్నాయని చూసుకోలేదు. చివరగా మార్చింది కినత్తుకడవు ఊరి పేజీ. అది చక్కగా ఉందని మురిసిపోయి, సైటును అందరికీ కనిపించేలా తెరిచిపెట్టి ఇంటికి పోయాను. మూస పోశాననుకున్నాను, పోయింది పరువు.

రెండు రోజుల తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. పద్నాలుగు ఊళ్ళ మొదటి తాంబూలమూ కినత్తుకడవు రామసామి తాతకే వెళ్ళింది. మిగతా ఊళ్ళవాళ్ళు కూటానికి రామన్నారు. కారమడై తాత కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. "నేను ఇంకా బతికే ఉండాను పాపా. నీ పెట్టెకు చెప్పు" అని ఫోను పెట్టేశాడు.

అక్క ఒక్కో పేజీ తెరిచి చూసింది. "ఏమి కన్నూ, ఒకే తాతకు పద్నాలుగు తాంబూలాలు పెట్టినావే, ఆ నోరు ఏం కావాల?" అంది. నాకు నవ్వు రాలేదు. మండీలో వక్కలు నా కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది. గబగబా ఒక క్షమాపణ రాసి, అందరికీ పంపించనా అని అడిగాను. అక్క అది చదివి నా చేతికి ఫోను ఇచ్చింది.

"మన్నింపు కూడా కామన్ సెక్షనా? మన్నించమని మటుకు ఒక్కొక్కరినీ విడిగానే అడగాల."

ఆ రోజంతా ఫోన్లు చేశాను. కొందరు తమిళంలో తిట్టారు, కొందరు తెలుగులో. కారమడై తాత రెండింటిలోనూ తిట్టి మెత్తబడ్డాడు. రామసామి తాతకూ చెప్పక తప్పలేదు, పదమూడు ఊళ్ళు వెనక్కి తీసుకుంటున్నామని. "రెండు దినాలు రాజాగా ఉంటి కదా, పరవాల్ల. నా ఊరు నాకు ఇయ్యి, చాలు" అన్నాడు.

ఒక చిన్న ఊళ్ళో ఫోనెత్తిన పెద్దావిడ మాత్రం నన్ను ఆపేసింది. వాళ్ళకు ఊరి పెద్ద అనేవాడే లేడట. "ఆ ఏడు వచ్చిన కొత్తకోడలికే మా మొదటి తాంబూలం. పేరు ఏటికేడు మారతాది. ఫోటో ఏల, ఆ పాప ఇంకా సిగ్గుపడతా ఉండాది" అంది. పేర్లు మాత్రమే తప్పనుకున్నాను. నేను పెట్టిన శీర్షికే తప్పు.

అది చెప్పగానే అక్క కుర్చీ దగ్గరికి లాక్కుంది. "పళ్ళెం ఒకటే, ఆకువక్కా ఒకటే. పిలిచే పేరు వేరే. నువ్వు పళ్ళెం మటుకే దాచిపెట్టు" అంది. ఆ భాగంలో ఏది అందరికీ ఒకటో, ఏది పేజీకొకటో విడిగా గుర్తుపెట్టడం అప్పుడు నేర్పింది. శీర్షిక 'మొదటి తాంబూలం' అయింది. పేరుకు ఖాళీ జాగా. ఫోటో ఇష్టముంటేనే. పద్నాలుగు పేజీలనూ ఎవరిది వాళ్ళకు ఫోనులో చదివి వినిపించి, ఔనన్నాకే తెరిచాము.

కూటానికి పద్నాలుగు ఊళ్ళూ వచ్చాయి. కారమడై తాత తెలుగు చదవలేడు. తన పేజీ నా చేత రెండుసార్లు చదివించుకుని, బాగుందనకుండా తలూపాడు. మర్నాడు అక్క మా నాన్నకు ఫోను చేయడం విన్నాను. "అన్నా, మండీకి వేరే ఆళ్ళను చూసుకోండి" అంది. అంతకు మించి నన్ను మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు.

అక్క ఇప్పుడు ఆఫీసు మూసి, పొల్లాచ్చి దారిలో కొబ్బరితోట చూసుకుంటోంది. నేను వేరే వీధిలో, మరో నలుగురితో కలిసి అదే పని చేస్తున్నాను. ఒక్కచోట రాసి వందచోట్ల పెట్టడమే నా బతుకు. ఏ భాగమైనా దాచిపెట్టే ముందు, అది ఎవరి గురించో వాళ్ళకు ఫోను చేసి చదివి వినిపిస్తాను. తోటివాళ్ళు ఆలస్యమని విసుక్కుంటారు. తప్పులు ఇప్పటికీ చేస్తాను, ఆ విషయంలో పెద్దగా ఎదగలేదు. చేసినప్పుడు మాత్రం ఎవరెవరిని నొప్పించానో కాగితం మీద రాసుకుని, మొదటి పేరు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఫోను చేసి, పేరుపెట్టి పిలుస్తాను.