అత్తయ్య చివరినుంచి చెరిపిన సంఖ్య

మంగళవారం పొద్దున్నే మామయ్య ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది అమ్మాయ్," అన్నాడు. కోట ఊళ్లోని హైస్కూల్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన మా మేనత్త గురించే ఈ నాలుగు మాటలూ. నేనూ ఆమె క్లాసులో కూర్చున్నదాన్నే. మేనకోడలినని ఒక్క మార్కు ఎక్కువేసిన పాపాన పోలేదు!

ప్రధాన సంఖ్యల పాఠం వచ్చిందంటే బోర్డు మీద 5,93,93,339 అని రాసేది. "ఒకటీ, ఇదీ తప్ప దీన్ని నిశ్శేషంగా భాగించేది ఏదీ లేదు. ఇప్పుడు చూడండ్రా," అంటూ చివరి అంకెను చీర చెంగుతో తుడిచేసేది. మిగిలిందీ ప్రధాన సంఖ్యే. ఇంకోటి తుడిచేది, అదీ అంతే. ఐదు ఒక్కటే మిగిలేదాకా ఎక్కడ ఆపినా ప్రధాన సంఖ్యే. పెద్దవాటిని తన మాట మీద నమ్మమనేది, 593 దగ్గరికొచ్చాక మాచేత భాగహారాలు చేయించేది. చివర ఇంకో అంకె చేర్చొచ్చా అని అడిగాను ఒకసారి. "ఏది చేర్చినా చెడిపోద్ది. దాని బతుకు అంతవరకే," అని నవ్వింది.

శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు మమ్మల్నందర్నీ బయటికి వదిలేది. "పైకి పోయేకొద్దీ కింది భాగాలు రాలిపోతాయి. మిగిలింది పోతానే ఉంటది," అనేది.

రిటైరయ్యాక మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు బీరువా తాళాలు మరిచింది, తర్వాత ఊళ్లు, ఆ తర్వాత మా పేర్లు. రొయ్యల గుంటలు చూసుకునే మామయ్యకు ఒకటే బెంగ, మనిషి ఎదురుగా ఉండగానే లేకుండా పోతుందేమోనని. రోజూ ఆమెకు జడ వేస్తూ, "నీ నంబరు చెప్పు టీచరమ్మా," అని అడిగేవాడు. ఆమె ఒక్కో అంకే చెప్పేది. ఒకరోజు ఆఖరి తొమ్మిది రాలేదు. వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"భయపడొద్దు మామయ్యా, మిగిలింది కూడా ప్రధాన సంఖ్యే," అన్నాను.

"అయితే మీ అత్త ఇంకా ఉండాదన్నమాటే!" అన్నాడు.

అలా చివరినుంచి అంకెలు పోతూనే ఉన్నాయి. ప్రతిసారీ ఫోను, ప్రతిసారీ అదే జవాబు. కానీ ఒక పొద్దున మొదట్లో ఉండే ఐదే పోయింది. "తొమ్మిది, మూడు," అని ఊరుకుందట.

"ఇది నిలబడుద్దా అమ్మాయ్?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు మామయ్యా. మూడు ముప్పయ్యొకట్లు తొంభై మూడు."

"ఆ ఐదేదో నేనే అంటాలే. మిగతాది ఆమె అంటది," అన్నాడు.

అప్పట్నించీ ఐదు మామయ్యది, తొమ్మిదీ మూడూ అత్తయ్యవి. ఆయనెవరో ఆమెకు తెలియని రోజుల్లో కూడా ఐదు అనగానే తొమ్మిది అనేది. నా కళ్లతో నేనే చూశాను, చూసి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

పెద్దకర్మ మరునాడు నేను బస్సుకు బయల్దేరుతుంటే మామయ్య వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను వెనకే ఉన్న సంగతి ఆయనకు తెలియదు.

"ఐదు," అన్నాడు మెల్లగా. అని, తల కాస్త పక్కకు వంచి, చెవి ఒగ్గి కూర్చున్నాడు.