ఓజెల్లా వాకిట్లో ఇసుక కుప్పలు

మా వదిన ఓజెల్లా వాకిట్లో గడ్డిపరక మొలిచిందంటే దానికి ఆ రోజుతో నూకలు చెల్లినట్టే. అమెరికాలోని దక్షిణ జార్జియాలో, మా ఇసుక దిబ్బల మీద, వాకిలి తెల్లగా ఊడ్చి ఉంటేనే ఇల్లాలు. ఊడ్చడంలో మా వదినను మించినవాళ్ళు లేరు, నాతో సహా.

ఆ వాకిలికి ఒకటే శత్రువు, పేడపురుగు. నల్లగా, గుండ్రంగా ఉంటుంది. చలికాలం వాన పడితే చాలు, జింక పెంటికల కోసం తిరుగుతూ, నిలువులోతు బొరియ తవ్వి, ఆ ఇసుకంతా పైకి తోసేది. వదిన పుల్లల చీపురుతో కుప్పలు చదును చేస్తూ తిట్టేది.

"మళ్ళీ తయారయ్యావా, సిగ్గులేనిదానా? నీ అబ్బ సొమ్మా ఈ వాకిలి?"

మా అన్న పోయాక ఆమె చేత మాటపడటానికి ఆ పురుగులే మిగిలాయి.

ఆ ఏడు చర్చి విందు ఆమె వాకిట్లో పెట్టుకుందామనుకున్నాం. మేనల్లుడు డివిట్ అత్తకు మేలు చేద్దామని, చెప్పాపెట్టకుండా ప్రతి కుప్పలోనూ పురుగుమందు పోశాడు. తర్వాత వాన పడింది. ఒక్క కుప్పా లేవలేదు. వదిన చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పీడ విరగడైందిగా అత్తా," అన్నాడు డివిట్.

"నిన్నెవరు అడిగారురా?"

"పోతే పోయాయి. అవతలి అడవిలోంచి ఎగిరొస్తాయిలే."

"వాటికి రెక్కలేవి? వీపు మీది చిప్పలు అతుక్కుపోయుంటాయి. నడిచే రావాలి. మధ్యలో లారీలు తిరిగే తారురోడ్డు. చర్చి దగ్గర అప్పుడెప్పుడో మందు పోశారు, అక్కడ ఇప్పటికీ ఒక్కటీ మళ్ళీ రాలేదు."

ఆ పూట వాడికి మొక్కజొన్న రొట్టె పెట్టింది గానీ పలకరించలేదు.

నేనూరుకోలేదు. "రోజూ వాటిని తిట్టిపోశావు. ఇప్పుడీ దిగులేంటి వదినా?"

"మీ అన్నని తిట్టలేదా?" అంది.

ఆ తర్వాత వాన వెలిసినప్పుడల్లా వట్టి కాళ్ళతో వాకిలంతా వెతికేది. ఏమీ కనపడేది కాదు. విందు రోజు పొద్దున్నే వెళ్తే వదిన మెట్ల పక్కన వంగి ఉంది. అక్కడ పిడికెడు కుప్ప, తడి ఆరని పసుపు ఇసుక. వాకిలంతా ఊడ్చింది, ఆ కుప్పను మాత్రం వదిలేసింది.

వేయించిన కోడి, ఆకుకూర బల్లల మీదికి చేరాయి. పాస్టరు భార్య వెల్మా కన్ను నేరుగా అక్కడే పడింది.

"ఓజెల్లా, మెట్ల దగ్గర వదిలేశావే. చూపు మందగించిందా?"

వదిన తన కుర్చీని కుప్ప పక్కకి లాక్కుని, ఎవరి కాలూ పడకుండా అడ్డంగా కూర్చుంది.

"కనపడింది వెల్మా. ఇవాళ చుట్టాలున్నారని ఊరుకున్నా. దాని సంగతి రేపు పొద్దున చెప్తా."